బేబీ షవర్ పిలుపు కార్డులు చేత్తో చేద్దామనుకుంటున్నా, కాస్త దారి చూపండి

కాబోయే_పిన్ని
సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా అక్కకి ఇప్పుడు ఏడో నెల. బేబీ షవర్‌కి ఇంకా నెల మీద వారం ఉంది. పిలుపు కార్డులన్నీ నేనే చేత్తో చేస్తానని ఇంట్లో అందరి ముందూ గొప్పగా అనేశాను. అప్పుడు బాగానే ఉంది, ఇప్పుడు టెన్షన్ మొదలైంది.

నేననుకున్న డిజైన్ ఇది. ఏ4 కార్డ్ షీట్‌ని మధ్యకి మడిచి, పైన బట్టతో కత్తిరించిన బుల్లి చొక్కా, దానికి మూడు గుండీలు, పక్కన రిబ్బన్ ముడి. కార్డు తెరవగానే కాగితం ఉయ్యాల పైకి లేస్తుంది. ఒకటి చేసి చూశాను. దూరం నుంచి బ్రహ్మాండంగా ఉంది. దగ్గరికెళ్తే మడత వెంబడి కాగితం పగిలి తెల్లటి పీచు కనిపిస్తోంది, జిగురు పెట్టిన చోటల్లా ముడతలు పడ్డాయి.

పిలవాల్సింది 70 మందిని. చుట్టాలే, బయటివాళ్లు లేరు. వాళ్ల చేతికి అందడానికి నాకున్నది మూడు వారాలు. ఏం కాగితం కొనాలి, ఏ జిగురు వాడాలి చెప్పండి ప్లీజ్.

కత్తెర_చప్పుడు
సోమవారం, రాత్రి 10:05

కాగితం సంగతి తర్వాత. ముందు రెండు ప్రశ్నలు. 70 మందా, 70 ఇళ్లా? ఒక కార్డు చేయడానికి ఎంతసేపు పట్టింది?

కాబోయే_పిన్ని
సోమవారం, రాత్రి 10:20

ఇళ్లు లెక్కపెడితే 38 అండి. ఇంటికొక కార్డు చాలు కదా, ఆ ఆలోచనే రాలేదు నాకు! టైమ్ చూసుకోలేదు. సినిమా పెట్టుకుని చేశాను, కార్డు అయ్యేసరికి ఇంటర్వెల్ దాటింది.

కత్తెర_చప్పుడు
సోమవారం, రాత్రి 10:24

సినిమా ఆపేసి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని రెండోది చేయండి. ఆ అంకె తెలియకుండా ఒక్క రిబ్బన్ కూడా కొనొద్దు.

కాబోయే_పిన్ని
మంగళవారం, రాత్రి 8:15

చేశానండి. సరిగ్గా 40 నిమిషాలు.

కత్తెర_చప్పుడు
మంగళవారం, రాత్రి 8:50

38 కార్డులు, ఒక్కోటి 40 నిమిషాలు. మొత్తం 1520 నిమిషాలు, అంటే 25 గంటల 20 నిమిషాలు. పాడైపోయేవి, కవర్లు, పేర్లు రాయడం ఇందులో లేవు. ఆఫీసు నుంచొచ్చి రోజూ గంట కూర్చున్నా మూడు వారాలకి 21 గంటలే. పదో కార్డు దగ్గరికొచ్చేసరికి మీకు ఉయ్యాల అంటేనే విరక్తి పుడుతుంది. ఇది నా సొంత అనుభవం. మా తమ్ముడి కూతురి మొదటి పుట్టినరోజుకి 50 కార్డుల మీద చేత్తో కుందేళ్లు గీస్తానని కూర్చున్నాను. మొదటి పదింటికి మీసాలు కూడా ఉన్నాయి. చివరి పది చూస్తే కుందేలో, చెవులున్న బంగాళాదుంపో చెప్పలేం.

నా సలహా, ఒక కార్డుకి ఒక్క ముచ్చట చాలు. చొక్కా ఉంటే ఉయ్యాల వద్దు, ఉయ్యాల ఉంటే రిబ్బన్ వద్దు. ఇంకోటి, ఒక్కో కార్డునీ మొదలు నుంచి చివరిదాకా చేయకండి. ఒకరోజు కోతలన్నీ, ఒకరోజు మడతలన్నీ, ఒకరోజు అంటించడాలన్నీ. చేతికి ఒకే పని అలవాటైతే వేగం దానంతటదే వస్తుంది.

ఆదివారం_బద్ధకం
మంగళవారం, రాత్రి 9:10

ఎవరూ అడగలేదు గానీ చెప్తున్నా. ఫోన్‌లో ఒక బొమ్మ తయారుచేసి ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెడితే రెండు నిమిషాల పని. 25 గంటల నిద్ర మిగులుతుంది.

ముత్యాల_అక్షరం
మంగళవారం, రాత్రి 9:32

పెడతారు. దాని కింద 41 దండాల బొమ్మలు, 12 కేకు బొమ్మలు వస్తాయి. వారం తర్వాత అందరూ ఫోన్ చేసి "ఫంక్షన్ ఎప్పుడమ్మా?" అని అడుగుతారు. ఎందుకంటే ఆ పిలుపు ఈపాటికి 300 గుడ్ మార్నింగుల కింద పూడిపోయి ఉంటుంది.

వాట్సాప్ వద్దని కాదు. రెండు రోజుల ముందు గుర్తుచేయడానికి అదే మంచిది. కానీ చేత్తో చేసిన కార్డుని ఎవరూ వెంటనే పారేయరు, ఫ్రిజ్ మీదో అద్దం మూలనో పెట్టుకుంటారు. తేదీ రోజూ కళ్లబడుతుంది.

అచ్చుతప్పు
బుధవారం, ఉదయం 7:05

ప్రింటింగ్ ప్రెస్‌లో 19 ఏళ్లుగా ఉన్నాను. మడత పగలడం మీ చేతి తప్పు కాదమ్మా. మిల్లులో కాగితం తయారయ్యేటప్పుడు మెషిన్ ఏ దిక్కుకి పరుగెడుతుందో పీచు కూడా ఎక్కువగా ఆ దిక్కుకే పడుకుంటుంది. మేము దాన్ని గ్రెయిన్ అంటాం. వెదురు బద్దని నిలువునా చీలిస్తే నున్నగా వస్తుంది, అడ్డంగా విరిస్తే పీచు లేస్తుంది. కాగితమూ అంతే.

ఏ4 షీటు 210 × 297 మి.మీ. మామూలుగా దొరికే వాటిలో ఎక్కువ శాతం గ్రెయిన్ పొడుగు వైపు, అంటే 297 వెంట ఉంటుంది. మీరు షీటుని సగానికి మడిచినప్పుడు మడత దానికి అడ్డంగా పడింది, అందుకే పగిలింది. ఇప్పుడు ఇలా చేయండి. షీటుని ముందు అడ్డంగా రెండు ముక్కలుగా కోయండి. ఒక్కో ముక్క 148 × 210 వస్తుంది. ఆ ముక్కని 210 వైపు సగానికి, అంటే 105 దగ్గర మడవండి. ఇప్పుడు మడత గ్రెయిన్ వెంటే నడుస్తుంది, పగలదు. చేతిలో ఏ6 సైజు కార్డు ఉంటుంది, 105 × 148. షీటుకి రెండు కార్డులు వస్తాయి కాబట్టి కాగితం ఖర్చు కూడా సగమే.

కొనే ముందు ఒక షీటుని మడవకుండా ఊరికే వంచి చూడండి. ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా. ఏ వైపు తేలిగ్గా వంగితే మడత ఆ వైపు పడాలి.

మందం 220 నుంచి 250 జిఎస్‌ఎమ్ సరిపోతుంది. 300 గట్టిగా దర్జాగా ఉంటుంది గానీ చేత్తో మడవడం కష్టం. జిఎస్‌ఎమ్ అంటే ఒక చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ అంకె. చదరపు మీటరులో 16 ఏ4 షీట్లు పడతాయి కాబట్టి 240 జిఎస్‌ఎమ్ షీటు 15 గ్రాములు, మీ ఏ6 కార్డు ఏడున్నర గ్రాములు. పోస్టులో పంపేవి ఉంటే ఈ లెక్క పనికొస్తుంది.

మడిచే ముందు గీత నొక్కాలి. ఇంకు అయిపోయిన బాల్‌పెన్ తీసుకుని స్టీల్ స్కేలు ఆనించి గట్టిగా ఒక్కసారి లాగండి. ఒకవైపు గుంట, వెనకవైపు చిన్న ఉబ్బు వస్తాయి. ఉబ్బు లోపలికి, గుంట బయటికి ఉండేలా మడవాలి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు.

కాబోయే_పిన్ని
బుధవారం, ఉదయం 8:30

సార్, ఇంత విషయం ఉందా ఒక మడతలో! ఇప్పుడే చేసి చూశాను. అదే షీటు, అదే చెయ్యి, మడత గీత గీసినట్టు నున్నగా వచ్చింది. ఆఫీసుకి లేటైంది గానీ ఫర్వాలేదు.

జిగురు సంగతి కూడా చెప్పండి.

కత్తెర_చప్పుడు
బుధవారం, మధ్యాహ్నం 1:15

తెల్ల జిగురులో నీళ్లుంటాయి. నీళ్లు తగిలితే కాగితం పీచు ఉబ్బుతుంది, ఆరాక ఒక్కోచోట ఒక్కోలా ముడుచుకుంటుంది. మీరు చూసిన ముడతలు అవే. కాగితం మీద కాగితానికి సన్న డబుల్ సైడ్ టేపు వాడండి. లేదా గ్లూ స్టిక్, అంచుల దాకా పలుచగా రాసి, అంటించాక పైన లావు పుస్తకం పెట్టేయాలి. ఏదైనా కాస్త పైకి లేచి కనిపించాలంటే ఫోమ్ టేపు.

కోతకి కత్తెర వద్దు. పేపర్ కట్టర్, స్టీల్ స్కేలు, కింద కటింగ్ మ్యాట్. ఒకేసారి తెగ్గొట్టాలని నొక్కకుండా, తేలిగ్గా మూడుసార్లు లాగండి. ప్లాస్టిక్ స్కేలుతో కోస్తే బ్లేడు స్కేలునే తినేస్తుంది, తర్వాత మీ గీతలన్నీ ఆ గాటు దగ్గర వంకర పోతాయి. పది పదిహేను షీట్లకోసారి బ్లేడు కొసని విరిచేసి కొత్త కొస వాడండి. మొద్దుబారిన బ్లేడు కాగితాన్ని కోయదు, పీకుతుంది.

ఇద్దరు_పిల్లల_తల్లి
బుధవారం, మధ్యాహ్నం 2:40

ఒక్క మాట. స్ప్రే గమ్, స్ప్రే పెయింట్ లాంటివి ఎవరైనా చెప్తే దయచేసి వద్దు, ముఖ్యంగా అక్క అదే ఇంట్లో ఉంటే. ఆ ఘాటు వాసన కడుపుతో ఉన్నవాళ్లకి అస్సలు మంచిది కాదు. మెరుపుల పొడి కూడా వద్దు. అది కార్డు మీద తప్ప ఇల్లంతా అంటుకుంటుంది. నాకు రెండోవాడు పుట్టినప్పటి మెరుపులు వాడు బడికెళ్లే రోజు వరకూ సోఫాలో దొరుకుతూనే ఉన్నాయి.

ఇక డిజైన్. ఇంట్లో చిన్నపిల్లలు ఎవరైనా ఉన్నారా? ఐదారేళ్ల లోపు?

కాబోయే_పిన్ని
బుధవారం, సాయంత్రం 6:20

మా అన్నయ్య కూతురు ఉందండి, ఐదేళ్లు. ఇల్లు పీకి పందిరేస్తుంది. ఎందుకు?

ఇద్దరు_పిల్లల_తల్లి
బుధవారం, రాత్రి 9:00

అయితే మీ పని అయిపోయినట్టే.

దాని పిడికిలి బిగించమనండి. చిటికెన వేలి వైపు అంచుకి రంగు అద్ది కాగితం మీద నొక్కితే అచ్చం పసిపాప పాదంలా పడుతుంది. పైన వేలి కొసలతో ఐదు చుక్కలు పెడితే కాలివేళ్లు. బొటనవేలికి పెద్ద చుక్క, తర్వాత చిన్నవి. కుడి పిడికిలితో ఒక పాదం, ఎడమ పిడికిలితో రెండోది. పెద్దవాళ్ల పిడికిలి వాడితే పాదం మరీ పెద్దదై పోతుంది, పిల్లల చెయ్యే ఈ సైజు కార్డుకి సరిగ్గా ఉంటుంది. రాబోయే బిడ్డకి వదినయ్యే పిల్ల చేతి ముద్ర కాబట్టి చుట్టాలంతా మురిసిపోతారు కూడా.

నీళ్లతో కడిగితే పోయే పోస్టర్ రంగు తీసుకుని, పలుచని స్పాంజి మీద పోసి స్టాంపు ప్యాడ్‌లా చేసుకోండి. చేతిని నేరుగా రంగులో ముంచితే ముద్ర ముద్దగా వస్తుంది. పుట్టేది ఎవరో తెలియదు కాబట్టి నీలం, గులాబీ గొడవ లేకుండా ఆవపువ్వు పసుపో లేత ఆకుపచ్చో వేసేయండి.

ఇంకొక ముఖ్యమైన సంగతి. కార్డు మీద నేరుగా ముద్ర వేయించకండి. వేరే తెల్ల కాగితం మీద వంద వేయించి, బాగొచ్చినవి చతురస్రంగా కోసి కార్డు మీద అంటించండి. పాడైనా పోయేది చిన్న ముక్కే.

కత్తెర_చప్పుడు
బుధవారం, రాత్రి 9:12

ఇదీ ముచ్చటంటే. చొక్కా, గుండీలు, ఉయ్యాల అన్నీ పక్కనపెట్టేయండి.

కాబోయే_పిన్ని
బుధవారం, రాత్రి 9:45

ఉయ్యాల తీసేయాలంటే కొంచెం బాధగా ఉంది. కానీ పాదాల ఐడియా వినగానే అమ్మ "ఇదే చెయ్యి" అనేసింది. చేసిన ఆ రెండు ఉయ్యాల కార్డులూ అక్కకే ఇచ్చేస్తాను.

లోపలి అక్షరాలు ఇంటి ప్రింటర్‌లో వేద్దామని చూస్తే కార్డ్ షీటు సగం వెళ్లి ఇరుక్కుపోయింది. లాగితే చిరిగింది. ఏం చేయాలి?

అచ్చుతప్పు
గురువారం, ఉదయం 6:50

చాలా ఇంటి ప్రింటర్లలో కాగితం లోపల వంపు తిరిగి బయటికి రావాలి. మందం షీటు ఆ వంపు తిరగలేదు. కార్డు మీద ప్రింటు వేయకండి. 100 జిఎస్‌ఎమ్ మామూలు కాగితం మీద వేసి, దాన్ని లోపల రేకులా అంటించండి. ఒక ఏ4 లో నాలుగు పిలుపులు పడతాయి. ఒక్కోటీ కోసేటప్పుడు కార్డు కన్నా ప్రతి వైపూ 3 మి.మీ. చిన్నగా, అంటే 99 × 142 ఉంచండి. చుట్టూ కనిపించే ఆ సన్న అంచే కార్డుకి అందం. రేకు మొత్తం అంటించక్కర్లేదు. మడత పక్క అంచున మాత్రం 5 మి.మీ. టేపు వేస్తే చాలు, ముడత అనేదే రాదు.

ఇంక్‌జెట్ ప్రింటరైతే వేసిన వెంటనే ఒకదాని మీద ఒకటి పెట్టకండి, ఆరనివ్వండి. చాలా ఇంక్‌జెట్ సిరాలు తడి వేలు తగిలితే చెదిరిపోతాయి.

ఇక తెలుగు అక్షరాలు. ఇక్కడే నూటికి తొంభై మంది దెబ్బతింటారు. యూనికోడ్ ఫాంటే వాడండి. పాత రకం ఫాంటుతో టైప్ చేసిన ఫైలు ఇంకో కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి ఇంగ్లీషు అక్షరాలు వస్తాయి. కొన్ని డిజైన్ ప్రోగ్రాముల్లో దక్షిణాసియా లిపుల సెట్టింగ్ ఆన్ చేయకపోతే వత్తులు విడిపోయి పక్కన కూర్చుంటాయి. "త్ర, క్ష్మి, స్త్రీ" టైప్ చేసి చూడండి. ఈ మూడూ సరిగ్గా వస్తే మిగతావీ వస్తాయి. వరుసల మధ్య ఖాళీ ఇంగ్లీషుకి పెట్టినంత పెడితే పై వరుస వత్తులు కింద వరుస గుడి మీద కూర్చుంటాయి. ఒకటిన్నర రెట్లు ఉంచండి. శీర్షికకి రామభద్ర లాంటి లావు ఫాంటు, లోపలి మాటలకి మండలి బాగుంటాయి, రెండూ ఉచితమే. ఒక కార్డులో రెండు ఫాంట్లకి మించొద్దు. అక్షరం సైజు 14 కి తగ్గకూడదు, చదివేవాళ్లలో పెద్దవాళ్లుంటారు.

ముత్యాల_అక్షరం
గురువారం, ఉదయం 10:10

ఇంతకీ లోపల ఏం రాస్తున్నారు?

కాబోయే_పిన్ని
గురువారం, మధ్యాహ్నం 1:30

ఇలా రాశాను, చూడండి.

"అమ్మ బొజ్జలో హాయిగా ఆడుకుంటున్న నేను త్వరలో మీ అందరినీ చూడటానికి వస్తున్నాను. నా రాకకు ముందు జరిగే ఈ శుభవేళ మీరందరూ తప్పక విచ్చేసి అమ్మానాన్నలను, నన్ను ఆశీర్వదించి మా ఆనందంలో పాలుపంచుకోవలసిందిగా మనవి చేసుకుంటున్నాను."

ఆదివారం_బద్ధకం
గురువారం, మధ్యాహ్నం 1:41

పుట్టకముందే "మనవి చేసుకుంటున్నాను" అంటున్నాడంటే పుట్టాక గవర్నమెంటు ఉద్యోగం గ్యారంటీ.

ముత్యాల_అక్షరం
గురువారం, మధ్యాహ్నం 2:05

నవ్వించారు గానీ మాట నిజమే. బిడ్డ గొంతుతో రాయడం ముద్దుగానే ఉంటుంది, కానీ అందరూ అదే రాస్తున్నారు. పైగా పిలిచేది మీరు. ఇంటివాళ్లు పిలిచినట్టు నాలుగు ముక్కలు చాలు. నేనైతే ఇలా రాస్తాను.

"మా అక్క ఒడిలోకి ఒక చిన్న ప్రాణం రాబోతోంది.
ఆ సంతోషంలో ఒక సాయంత్రం అందరం కలిసి కూర్చుందాం, రండి.
తేదీ, వారం, సమయం. చోటు.
వస్తున్నామని ఫలానా తేదీలోగా ఈ నంబరుకి ఒక్క మాట చెప్పండి."

చివరి వాక్యం మర్చిపోకండి. జవాబు గడువు ఫంక్షన్‌కి వారం పది రోజుల ముందు పెడితే ఎంతమంది వస్తారో మీకు లెక్క తెలుస్తుంది. అందరి కార్డుల్లోనూ ఇది ప్రింటే అయినా, కింద రెండు వేళ్ల ఖాళీ ఉంచి, ఒక్కో ఇంటికి ఒక్క వాక్యం మీ చేత్తో రాయండి. "అత్తయ్యా, మీరు రాకపోతే అక్క ఊరుకోదు." ఇలాంటిది. చేత్తో చేసిన కార్డు అంటే నా లెక్కలో ఆ ఒక్క వాక్యమే, మిగతాది సింగారం.

కాబోయే_పిన్ని
గురువారం, రాత్రి 8:00

మీ నాలుగు ముక్కలూ యథాతథంగా వాడేసుకుంటున్నా, అభ్యంతరం లేదుగా?

ముత్యాల_అక్షరం
గురువారం, రాత్రి 8:06

అక్క ఒడిలోకి ప్రాణం రావడం మీద నాకేం హక్కులున్నాయి! వాడుకోండి.

అచ్చుతప్పు
గురువారం, రాత్రి 9:20

ప్రింటు ఇచ్చే ముందు తేదీకీ వారానికీ పొంతన కుదిరిందో లేదో క్యాలెండర్ ముందు పెట్టుకుని చూడండి. నేను ఈ వేదికలో పెట్టుకున్న పేరు ఊరికే రాలేదు. ఒకసారి 400 కార్డులు "14వ తేదీ, శనివారం" అని అచ్చేసి ఇచ్చాను. ఆ నెల 14 ఆదివారం. సగం మంది శనివారం వచ్చి తాళం చూసి వెళ్లారు. టైప్ చేసినవాళ్ల కంటికి తప్పు కనపడదు. అది ఎప్పుడూ చూడనివాళ్లతో పైకి చదివించండి. నంబరుని మాత్రం చదివించడం కాదు, కార్డు మీద చూసి డయల్ చేయించండి. మీ ఫోనే మోగాలి.

ఆదివారం_బద్ధకం
శుక్రవారం, రాత్రి 10:30

సరే, నేనూ ఒక పనికొచ్చే మాట చెప్తా. దారి తెలియనివాళ్ల కోసం మ్యాప్ లింకుని క్యూఆర్ కోడ్ చేసి కార్డు వెనక వేయండి. 2 సెం.మీ. కన్నా చిన్నది చేయొద్దు, చుట్టూ తెల్ల ఖాళీ వదలాలి. లేత పసుపు మీద లేత ఆకుపచ్చ కోడు లాంటి కళాపోషణ వద్దు, తెలుపు మీద నలుపే. స్క్రీన్ మీద కాదు, ప్రింటు తీశాక రెండు మూడు ఫోన్లతో స్కాన్ చేసి చూడాలి.

కత్తెర_చప్పుడు
శుక్రవారం, రాత్రి 10:34

బద్ధకం గారు కార్డుల వైపు తిరిగారు. ఈ రోజు రాసి పెట్టుకోవాలి.

కాబోయే_పిన్ని
ఆదివారం, సాయంత్రం 5:15

ముద్రల కార్యక్రమం అయింది. వంద అనుకున్నాం, 63 దగ్గర మేడమ్ గారికి ఆకలేసింది. తర్వాత లేచి వెళ్లి గోడ మీద ఒక పాదం వేసింది, అది మాత్రం అన్నిటికన్నా బాగా వచ్చింది. ఎలా ఉన్నాయో చూసి ఏరితే 46 పనికొస్తాయి. అందులో ఒక పాదానికి ఆరు వేళ్లున్నాయి. "ఈ పాపకి ఒకటి ఎక్కువ ఇచ్చాను అత్తా" అంది. అది ఎవరికి పంపాలా అని ఇంట్లో చర్చ నడుస్తోంది.

కార్డులు 44 చేద్దామని నిర్ణయం. 38 ఇళ్లకి, ఆరు అదనం. 22 షీట్లు కోశాను. గీతలు నొక్కడం నాన్న తీసుకున్నారు. ఆయన రిటైరైన ఇంజనీరు, ఒక్కో గీతకీ రెండుసార్లు కొలుస్తున్నారు, ఎవరైనా మాట్లాడిస్తే మళ్లీ మొదటి నుంచి కొలుస్తున్నారు.

స్టాప్‌వాచ్ లెక్క: ఇప్పుడు అన్నీ కలిపి కార్డుకి 12 నిమిషాలు. 44 కి తొమ్మిది గంటల లోపే!

ఇద్దరు_పిల్లల_తల్లి
ఆదివారం, సాయంత్రం 6:00

ఆరు వేళ్లది అక్క దగ్గరే ఉంచండి. గోడ మీది పాదం తుడవకండి.

కాబోయే_పిన్ని
మంగళవారం, రాత్రి 9:10

కవర్ల దగ్గర ఆగిపోయాను. కార్డుకి వాడిన రంగుకి కలిసే కవర్లు దొరకలేదు. ఇంట్లో చేసుకోవడం కష్టమా?

కత్తెర_చప్పుడు
మంగళవారం, రాత్రి 9:48

కష్టం కాదు, కొలత కుదరాలి అంతే. ఏ6 కార్డుకి సరిపోయే కవర్ సైజుని సి6 అంటారు, 114 × 162 మి.మీ. ఒక ఏ4 లో ఒక కవర్ చక్కగా వస్తుంది. 100 జిఎస్‌ఎమ్ రంగు కాగితం తీసుకోండి, అంతకన్నా మందం అక్కర్లేదు.

షీటు నిలువుగా పెట్టుకోండి. ఎడమ నుంచి 24, కుడి నుంచి 24 మి.మీ. దగ్గర నిలువు గీతలు, మధ్యలో 162 మిగులుతుంది. పై నుంచి 60 దగ్గర ఒక అడ్డ గీత, అది మూత. దాని కింద 114 దగ్గర ఇంకోటి, ఈ మధ్య భాగమే కవర్ ముఖం. దాని కింద 105 వీపు. అక్కడికి 279 అయింది, మిగిలిన 18 కోసేయండి. ఇప్పుడు పక్క రెక్కలు ముఖం పక్కన మాత్రమే ఉంచి, మూత పక్కా వీపు పక్కా ఉన్న నాలుగు మూలల ముక్కలూ తీసేయాలి. మూత రెండు చివరలూ కాస్త ఏటవాలుగా కోస్తే మూసేటప్పుడు ఇరుక్కోదు. పక్క రెక్కలు లోపలికి మడిచి, వాటి మీద టేపు వేసి, వీపుని పైకి మడిచి అంటించడమే. గట్టి అట్ట మీద ఒక నమూనా కోసి పెట్టుకుంటే మిగతావన్నీ దాని చుట్టూ పెన్సిల్ తిప్పడమే.

పోస్టులో పంపే కార్డుల మీద ఫోమ్ టేపు లాంటి ఎత్తు పెట్టకండి. సార్టింగ్ మెషిన్లలో పలుచని కవరు సాఫీగా వెళ్తుంది, గడ్డలా ఉబ్బినది ఇరుక్కుని చిరుగుతుంది.

ముత్యాల_అక్షరం
మంగళవారం, రాత్రి 10:15

పేర్లు కవర్‌లో కార్డు పెట్టకముందే రాయండి. లోపల కార్డు ఉంటే దాని అంచు మీద కలం ఎగిరి అక్షరం వంకర పోతుంది. పెన్సిల్‌తో లేత గీతలు గీసుకుని రాసి, సిరా పూర్తిగా ఆరాక రబ్బరు వేయండి. ముదురు రంగు కవరైతే తెల్ల జెల్ పెన్ను.

ఇంకో సంగతి. 38 ఇళ్ల పట్టిక ఒకటి పెట్టుకుని, పేరు రాసిన కవరు, అందులో మీ వాక్యం రాసిన కార్డు, పక్కన టిక్, అప్పుడే అంటించడం. ఒక్కోటి ఇలాగే. చివర్లో తొందర పుట్టి అన్నీ కలిపి ఒక్కసారి అంటించేద్దాం అనిపిస్తుంది. వద్దు.

కాబోయే_పిన్ని
శనివారం, రాత్రి 11:50

అయిపోయాయండీ!!! కవర్లు కూడా. ఆ చేత్తో రాసే వాక్యం దగ్గర అనుకున్నదానికన్నా రెండింతలు టైమ్ పట్టింది. 38 ఇళ్లకి 38 రకాలుగా రాయడం కార్డు చేయడం కన్నా కష్టం. బాబాయి వాళ్లకి ఏం రాయాలో తెలియక పావుగంట కూర్చున్నాను. చివరికి "చిన్నప్పుడు నన్ను భుజమెక్కించుకున్నట్టే ఈ వచ్చేవాళ్లనీ ఎక్కించుకోవాలి" అని రాశాను.

తేదీ పక్కింటి పాపతో పైకి చదివించాను, నంబరు డయల్ చేయించాను. మా నాన్న ఫోన్ మోగింది! కార్డులో పెట్టింది నాన్న నంబరు. ఆ సంగతి ఆయనకే తెలియదు. ఇప్పుడు తెలిసింది.

అన్నీ పంచడానికి రెండు సంచుల్లో సర్దేశాం. ఒక్క చిన్న అనుమానం. 44 చేశాం, మూడు పాడయ్యాయి, 38 కవర్లలోకి వెళ్లాయి. నా దగ్గర మూడు మిగలాలి కదా? నాలుగున్నాయి. నిద్రమత్తులో పాడైనవి లెక్క తప్పానేమో.

ముత్యాల_అక్షరం
ఆదివారం, ఉదయం 7:30

నిన్న అన్నీ ఒకేసారి అంటించారా?

కాబోయే_పిన్ని
ఆదివారం, ఉదయం 9:05

చివరి పది మాత్రమే అండి. బాగా నిద్రొచ్చింది.

ముత్యాల_అక్షరం
ఆదివారం, ఉదయం 9:07

పంచేశారా?

కాబోయే_పిన్ని
ఆదివారం, ఉదయం 9:20

నాన్న తెల్లారగట్లే స్కూటర్ వేసుకుని వెళ్లిపోయారు. ఫోన్ ఎత్తడం లేదు.

అచ్చుతప్పు
ఆదివారం, ఉదయం 9:40

ఏడున్నర గ్రాముల తేడా. సంచిలో ఉండగా ఒక్కోటీ చేత్తో పట్టుకున్నా తెలిసేది.

కాబోయే_పిన్ని
ఆదివారం, మధ్యాహ్నం 12:30

పెద్దత్తయ్య ఫోన్ చేసింది. "కవర్ ఎంత ముద్దుగా ఉందే, నా పేరు ఎంత బాగా రాశావే" అని ఐదు నిమిషాలు మెచ్చుకుంది. ఆ తర్వాత మెల్లగా అడిగింది, "లోపల ఏమీ లేదేంటే?"

మిగిలిన నాలుగింట్లో ఒకటి తీసి ఇప్పుడే బయల్దేరుతున్నాను. అత్తయ్యకి రాయాల్సిన వాక్యం మళ్లీ ఆలోచించాలి.